రుద్రమదేవి కాస్‌ప్లే: కంచుకం కుట్టడం నుంచి పూసల వడ్డాణం దాకా

పూసల పనికి సూదీదారం కంటే ముందు కావలసింది వంటింట్లో వాడే చిన్న తూకం మిషన్. ఎందుకంటే ఒక కాస్‌ప్లే (నచ్చిన పాత్ర వేషం కట్టడం) డ్రెస్సు రోజంతా ఒంటి మీద నిలబడుతుందా, మధ్యాహ్నానికే భుజాలు లాగేస్తుందా అనేది డిజైన్ కంటే బరువు మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. 11/0 సైజు గాజు పూస దాదాపు 2 మిల్లీమీటర్లు ఉంటుంది, గ్రాముకు సుమారు 110 తూగుతాయి. బట్ట కనిపించకుండా పక్కపక్కనే కుట్టుకుంటూ పోతే చదరపు అంగుళానికి రెండు వందల దాకా పడతాయి. కంచుకం (ఒంటిని పట్టి ఉండే పైవస్త్రం) ముందు భాగం 200 చదరపు అంగుళాలు అనుకుంటే నలభై వేల పూసలు, అటూఇటూగా 370 గ్రాములు. నిమిషానికి పది చొప్పున కుట్టినా 66 గంటలకు పైనే. వీపు, చేతులు, వడ్డాణం ఇంకా మొదలే పెట్టలేదు!

అందుకని నేను చెప్పే పద్ధతిలో మొత్తం నింపడం ఉండదు. చూసేవాళ్ల కన్ను ముందుగా పడే చోట, ఒళ్లు మడత పడని చోట మాత్రమే పూసలు. మిగతాదంతా జరీ, అంచు, బట్ట రంగు చూసుకుంటాయి.

పాత్ర, ఆధారాలు

2024 ఫిబ్రవరిలో నందంబాక్కం ట్రేడ్ సెంటర్‌లో చెన్నైకి మొదటి కామిక్ కాన్ (కామిక్స్ అభిమానుల మేళా) వచ్చింది. అప్పటి నుంచి ఇక్కడి తెలుగు పిల్లల్లో కూడా కాస్‌ప్లే మీద ఆసక్తి పెరిగింది. ఎక్కువమంది యానిమే (జపాన్ కార్టూన్) పాత్రల వైపే వెళ్తారు. నేను రుద్రమదేవిని ఎంచుకోమంటాను. యానిమే పాత్రకు ఒక షేడు తేడా వచ్చినా ఫొటో కింద ఎవరో ఒకరు పట్టేస్తారు. రుద్రమకు ఆ టెన్షన్ లేదు. మనకు ఆధారం రాతి శిల్పాలు కాబట్టి ఆకారం వాటి నుంచి తీసుకోవచ్చు, రంగు మాత్రం మీ ఇష్టం.

రుద్రమ 1262 నుంచి 1289 దాకా ఓరుగల్లును పాలించింది. చాలా శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో రాశారు. అందువల్ల చీర కంటే తొడ మధ్య దాకా వచ్చే బిగుతు కంచుకం, కింద పంచెకట్టు ఆమెకు బాగా నప్పుతాయి. నగలకు 1213 నాటి రామప్ప గుడి మదనికల (స్త్రీ శిల్పాల) ఫొటోలు వెతకండి. నడుము పట్టీ నుంచి తొడల మీదకు జారే ముత్యాల సరాలు, చేతి కడియాలు, మెడ పట్టీలు నల్లరాతిలో ఎంత స్పష్టంగా చెక్కారంటే పూసలు లెక్కపెట్టుకోవచ్చు. ఎత్తు మడమల చెప్పుల్లాంటివి తొడుక్కున్న మదనిక కూడా అక్కడ ఉంది. కాబట్టి మీరు కొంచెం మడమ ఉన్న చెప్పులు వేసుకున్నా ఎవరూ అడ్డు చెప్పలేరు. ఓరుగల్లు కోటలోని కీర్తి తోరణాల నుంచి వేలాడే తామర మొగ్గలు మెడ పట్టీకి మంచి డిజైన్. వడ్డాణం మధ్య బిళ్లకు కాకతీయుల రాజముద్ర వరాహం ఎలాగూ ఉంది.

కొనాల్సినవి

కాకతీయుల మోటుపల్లి రేవు ప్రాంతపు సన్నని బట్టలను మార్కో పోలో సాలెగూడు అల్లికతో పోల్చాడు. చరిత్రకు దగ్గరగా ఉండాలని అలాంటి పలుచటి బట్ట మీద పూసలు కుడితే మాత్రం మొదటి గంటలోనే చిరుగుతుంది. ఆ సరదా పైన వేసుకునే కండువాతో తీర్చుకోండి. కంచుకానికి రా సిల్క్ తీసుకోండి. 44 అంగుళాల పన్నాలో రెండున్నర మీటర్లు ఉంటే వడ్డాణం పైబట్ట, ట్రయల్ ముక్కలు కూడా అందులోనే వస్తాయి. లైనింగ్‌కు మంచి కాటన్. కొన్న రోజే లైనింగ్‌ను నీళ్లలో నానబెట్టి ఆరేయండి. కుట్టాక కుదించుకుపోతే పైబట్ట ముడతలు పడుతుంది. పంచెకు మంగళగిరి కాటన్ చీర ఒకటి చాలు, అంచు దానికే ఉంటుంది.

బట్టలకు ప్యారిస్ కార్నర్ దగ్గరి గోడౌన్ స్ట్రీట్, పూసలు, లేసులు, జరీకి షావుకారుపేట సందులు. మెట్రోలో హైకోర్టు స్టేషన్లో గానీ మన్నడిలో గానీ దిగి నడవచ్చు. ఆదివారం వెళ్లకండి, హోల్‌సేల్ షాపులు చాలావరకు మూసి ఉంటాయి. మనం మగ్గం వర్క్ సామాను అనేదాన్ని ఇక్కడ ఆరి వర్క్ సామాను అని అడగాలి. షావుకారుపేటలో హిందీ బాగా నడుస్తుంది, కొన్నిచోట్ల తెలుగు కూడా అర్థం చేసుకుంటారు. కొంచెం కొనడానికైతే అంత దూరం అక్కర్లేదు, టీ నగర్‌లోనూ దొరుకుతాయి.

పూసల సైజు నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. గీతలకు 11/0, లోపల నింపడానికి 8/0 (సుమారు 3 మిల్లీమీటర్లు), అక్కడక్కడా ఎత్తు కనిపించడానికి 6/0 (సుమారు 4 మిల్లీమీటర్లు). వేలాడే ముత్యాలు మాత్రం గాజువి వద్దు, యాక్రిలిక్‌వే తీసుకోండి. అదే సైజు గాజు పూస బరువులో యాక్రిలిక్ సగం కూడా ఉండదు. బంగారు రంగు పూసలు కొనేటప్పుడు షాపులోనే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. చౌక రకాలకు పూత పైపైనే ఉంటుంది, చెమట తగిలితే పోతుంది. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి. చెన్నై చెమటకు ఆగని పూస మనకెందుకు?

కొలతలు, ట్రయల్ ముక్క

ఈవెంట్ రోజు వేసుకునే లోదుస్తులతోనే కొలతలు తీసుకోండి. ఛాతీ, నడుము, తుంటి, భుజం నుంచి నడుము దాకా ముందూ వెనకా, చంక లోతు, వీపు వెడల్పు రాసుకోండి. బిగుతు కంచుకమైనా ఛాతీ దగ్గర రెండు అంగుళాలు వదులు ఉంచాలి. పూసలు, వాటి వెనక లైనింగ్ మందం కలిసి లోపలి చోటును కొంత తినేస్తాయి.

పాత దుప్పటితో ఒక కంచుకం కుట్టి వేసుకోండి. నేల మీద కూర్చోండి, చేతులు పైకెత్తండి, వంగి చెప్పులు తొడుక్కోండి. ఎక్కడెక్కడ బట్ట మడత పడుతుందో అక్కడ రంగు పెన్నుతో గీతలు గీసేయండి. అవే పూసలు కుట్టకూడని చోట్లు. మామూలుగా చంక చుట్టూ, నడుము వంపు దగ్గర, మోచేతి లోపల ఈ గీతలు పడతాయి. ఛాతీ పైభాగం, భుజాలు, అంచు పట్టీ ఖాళీగా మిగులుతాయి. మీ డిజైనంతా ఆ ఖాళీలోనే ఇమడాలి. ఈ ఒక్క సాయంత్రం పని దాటేసి నేరుగా పట్టుబట్ట కత్తిరించేవాళ్లే ఎక్కువ. వాళ్ల డ్రెస్సులు ఫొటోల్లో నిలబడినంతసేపే బాగుంటాయి.

పూసల పని

బట్ట కత్తిరించకముందే పూసలు కుట్టాలి. పూసల కుట్టు బట్టను లోపలికి లాగుతుంది కాబట్టి ముందే కత్తిరించిన ముక్క చివరికి పావు నుంచి అర అంగుళం చిన్నదైపోతుంది. రా సిల్క్ మీద కంచుకం ఆకారాన్ని చాక్‌తో గీసి, చుట్టూ మూడు అంగుళాలు వదిలి, లైనింగ్‌తో కలిపి మగ్గానికి బిగించండి. మగ్గం లేకపోతే నాలుగు చెక్క పట్టీలు మేకులతో చతురస్రంగా బిగించి, బట్టను డ్రాయింగ్ పిన్నులతో లాగి పెట్టుకోవచ్చు. గుండ్రటి రింగు వాడితే పెద్దది వాడండి, కుట్టేసిన పూసల మీద దాన్ని ఎప్పుడూ బిగించకండి.

డిజైన్ ఎక్కించడానికి మగ్గం పనివాళ్ల పద్ధతే సులువు. ట్రేసింగ్ పేపర్ మీద గీసి, గీత పొడవునా సూదితో చిల్లులు పొడిచి, బట్ట మీద పరిచి, జింక్ పొడి కలిపిన కిరోసిన్ ముంచిన గుడ్డతో పైన రుద్దుతారు. ఇంట్లో కిరోసిన్ లేకపోతే మెత్తటి చాక్‌పొడి రుద్ది, పేపర్ తీసేశాక వెంటనే చుక్కల వెంట చాక్ పెన్సిల్‌తో గీసుకోండి. లేదంటే ఆ పొడి ఇట్టే రాలిపోతుంది.

దారం పాలిస్టర్‌ది, రెండు పోగులు, తేనె మైనం పట్టించింది. మూరన్నర కంటే పొడవు వద్దు. పొడవు దారం ఆదా కాదు, ముడులు పడి రెట్టింపు టైమ్ తినేస్తుంది. పూసల సూది 10 లేదా 12 నంబరు.

గీత కుట్టే పద్ధతి ఇది. వెనక రెండు చిన్న కుట్లు వేసి సూదిని పైకి తీయండి. నాలుగు పూసలు ఎక్కించి గీత మీద పడుకోబెట్టి, నాలుగో పూస చివర ఆనుకునేలా సూదిని కిందికి దించండి. మళ్లీ రెండో పూసకు, మూడో పూసకు మధ్యలో పైకి తీసి, మూడు, నాలుగు పూసల రంధ్రాల్లోంచి ఇంకోసారి దారం పోనివ్వండి. తర్వాత ఇంకో నాలుగు. వంపుల దగ్గర నాలుగు బదులు రెండే ఎక్కించాలి, లేకపోతే వంపు మూలలా తయారవుతుంది. ప్రతి రెండు అంగుళాలకు వెనక ఒక ముడి వేయండి. ఎక్కడైనా దారం తెగితే పూసలు రెండు అంగుళాల మేరే రాలుతాయి, వరస మొత్తం కాదు. వరస అయిపోయాక ఒకే దారాన్ని అన్ని పూసల్లోంచి ఒకసారి పోనిస్తే వంకరటింకరలు సర్దుకుని గీత నున్నగా వస్తుంది. పైన బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. పూస లేచి కదిలితే కుట్టు వదులుగా ఉన్నట్టే.

గొట్టం పూసల చివర్లు పదునుగా ఉండి దారాన్ని కోస్తాయి. ప్రతి గొట్టానికి అటూ ఇటూ ఒక్కో చిన్న గుండ్రటి పూస పెట్టండి. పెద్ద ముత్యం నిలబెట్టి కుట్టాలంటే ముత్యం, దాని మీద ఒక 11/0 పూస ఎక్కించి, చిన్నదాన్ని వదిలేసి ముత్యం రంధ్రంలోంచే వెనక్కి దిగండి. చమ్కీలు ఒకదాని మీద ఒకటి సగం కప్పుతూ చేప పొలుసుల్లా వేస్తే తక్కువ బరువులో ఎక్కువ చోటు నిండుతుంది. కవచంలా కనిపించాల్సిన భుజాల మీద నేను ఇదే వాడతాను. కుందన్ రాళ్లను జిగురుతో మాత్రమే వదిలేయకండి, చుట్టూ జర్దోసి (స్ప్రింగులా చుట్టిన సన్నని తీగ) గానీ పూసల వరస గానీ వేసి బిగించండి.

ఆరి సూది (కొన కొక్కెంలా ఉండే సూది) తెలిసినవాళ్లకు సగం పని సులువవుతుంది. పొడవాటి సరళ రేఖలు దాంతో లాగేయొచ్చు. అయితే అది గొలుసు కుట్టు. చివర సరిగా ముడి వేయకపోతే ఒక్క దారం లాగినా వరసంతా ఊడివస్తుంది. కాబట్టి రాపిడి తగిలే అంచులు, నడుము దగ్గర మామూలు సూదితోనే కుట్టండి. పని అయ్యాక వెనక ముడుల మీద మాత్రం బట్ట జిగురు కొంచెం కొంచెం పెట్టండి. వెనకంతా పులిమితే బట్ట అట్టముక్కలా బిగుసుకుపోతుంది.

ఇస్త్రీ వెనక నుంచే చేయాలి, కింద మందపాటి టవల్ వేసి, తక్కువ వేడి మీద. యాక్రిలిక్, చమ్కీలు వేడికి ముడుచుకుంటాయి.

కంచుకం కుట్టడం

ఇప్పుడు ఆకారాన్ని మళ్లీ కొలిచి, తగ్గినంత సరిచేసి గీసి, ఒక అంగుళం మార్జిన్‌తో కత్తిరించండి. రా సిల్క్ అంచులు పోగులు ఊడతాయి, ముందుగా ఓవర్‌లాక్ చేయించండి. కుట్టు గీతకు అర అంగుళం లోపల పూసలు ఉంటే తీసేయాలి. మిషన్ సూది పూస మీద పడితే విరిగి కంటి వైపు ఎగురుతుంది. ఆ గీతలకు మిషన్‌కు జిప్ ఫుట్ (జిప్పులు కుట్టే సన్నని పాదం) వేసుకుంటే పూసలకు దగ్గరగా కుట్టొచ్చు. అదీ అందని చోట చేత్తో కుట్టండి. రా సిల్క్‌కు 14 నంబరు సూది, కాన్వాస్ లాంటి మందపాటి బట్ట కలిసిన చోట 16.

భుజం కుట్టులో నూలు నాడా కలిపి కుట్టండి, బరువుకు భుజం సాగిపోకుండా ఉంటుంది. ఇంకా ముఖ్యమైనది లోపలి నడుము పట్టీ. అంగుళం వెడల్పు గట్టి నాడాను లైనింగ్ లోపల నడుము చుట్టూ ప్రతి అతుకు దగ్గరా కుట్టి, ముందు రెండు హుక్కులు పెట్టండి. డ్రెస్సు వేసుకోగానే ముందు ఈ పట్టీ బిగించి, తర్వాత పక్క జిప్ వేయాలి. బరువులో పెద్ద భాగం భుజాల మీంచి నడుము మీదకు దిగిపోతుంది. చంక దగ్గర ఉతుక్కునే కాటన్ ప్యాడ్లు బటన్లతో పెట్టుకోండి.

పంచెను కట్టుకోవచ్చు గానీ రద్దీలో ఊడుతుందన్న భయం ఉంటుంది. కూచిపూడి డ్రెస్సుల్లోలా కుచ్చిళ్లు ముందే మడిచి కుట్టి, నడుముకు ఎలాస్టిక్ పెట్టడం మేలు. వెంపటి చినసత్యం 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన ఊరు ఇది. నాట్యం డ్రెస్సులు కుట్టే టైలర్లకు ఇక్కడ కొదవలేదు. విసనకర్ర కుచ్చు మాత్రం వాళ్ల చేత కుట్టించుకున్నా తప్పు లేదు.

వడ్డాణం, మిగతా నగలు

వడ్డాణానికి 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ (తేలికైన, కాస్త గట్టి స్పాంజి షీటు). వెడల్పు రెండున్నర అంగుళాలు, పొడవు మీ నడుము కొలత కంటే రెండు అంగుళాలు తక్కువ. ఆ తగ్గించిన చోట వెనక వెడల్పాటి ఎలాస్టిక్ వస్తుంది. భోజనం చేశాక ఆ ఎలాస్టిక్ విలువ తెలుస్తుంది. ఫోమ్‌ను హీట్ గన్‌తో వేడి చేసి నడుము వంపుకు వంచి, చల్లారే దాకా పట్టుకోండి. యోగా మ్యాట్ కోసి వాడదామనుకునేవాళ్లు అది పీవీసీ కాదని ఖాయం చేసుకోండి. పీవీసీని వేడి చేస్తే ప్రమాదకరమైన పొగ వస్తుంది.

పూసలు ఫోమ్ మీద కాదు, ముందుగా రా సిల్క్ పట్టీకి బక్రం (బిగుతునిచ్చే గట్టి బట్ట) వేసి దాని మీద కుట్టాలి. ఆ తర్వాత పట్టీని ఫోమ్‌కు చుట్టి వెనక అతికించాలి. ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి జిగురు రెండు వైపులా పూసి, చేతికి అంటనంతగా ఆరాక, పది పదిహేను నిమిషాల తర్వాత కలపండి. ఒకసారి అంటుకుంటే జరపడం కుదరదు, కాబట్టి మధ్యలోంచి మొదలుపెట్టి రెండు చివర్ల వైపు వెళ్లండి. కిటికీలు తెరిచి ఉంచండి. హాట్ గ్లూ గన్ చిన్న పనులకు సరే గానీ, ఎండలో నిలిపిన కారులో పెడితే ఆ అతుకులు మెత్తబడి ఊడతాయి.

మధ్య వరాహ బిళ్లను రెండు మూడు పొరల ఫోమ్ కోసి, అంచులు సాండ్‌పేపర్‌తో నున్నగా చేసి తయారు చేయండి. నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్ మూడు కోట్లు వేసి ఆరాక, ముందు నల్లటి యాక్రిలిక్ రంగు, దాని మీద పొడి బ్రష్‌తో బంగారు రంగు. గీతల లోతుల్లో నలుపు మిగిలితేనే లోహంలా కనిపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడి వానల్లో ఒక్కో కోటు ఆరడానికి మామూలు కంటే చాలా ఎక్కువ టైమ్ పడుతుంది. ఫిబ్రవరి ఈవెంట్‌కైతే రంగుల పని జనవరికి ఉంచుకోండి.

తొడల మీద వేలాడే ముత్యాల సరాలకు ప్రతి రెండు మూడు ముత్యాలకు ఒక ముడి వేసి, పైన చిన్న హుక్కుతో వడ్డాణానికి తగిలించండి. కుట్టేయకండి. ఆటోలో, మెట్రోలో ఏదో ఒక చోట అవి ఇరుక్కుంటాయి. ఊడదీసి సంచిలో పెట్టుకుని, హాలు దగ్గర తగిలించుకోవడమే సుఖం.

వంకీలు, కంటె, చెవి దిద్దులు మైలాపూర్‌లో నాట్యం నగలు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. చేత్తో చేశామనిపించుకోవడానికి ప్రతి ఉంగరమూ చేయనక్కర్లేదు. పోటీలో పాల్గొంటే మాత్రం ఏది కొన్నారో, ఏది చేశారో అడుగుతారు. పని జరుగుతుండగా ఫొటోలు తీసి పెట్టుకోండి.

కిరీటం ఎత్తు కంటే లోపలి పట్టీ ముఖ్యం. జుట్టు వేసుకున్నాకే తల చుట్టుకొలత తీసుకుని, ఫోమ్ పట్టీ లోపల మెత్తటి కాటన్ అతికించి, రెండు వైపులా దువ్వెన పిన్నులు కుట్టండి. పూసలు ముందు భాగానికే పరిమితం చేయండి, వెనక బరువెక్కితే కిరీటం మెడ మీదకు జారుతుంది. కత్తికి సన్నని పీవీసీ పైపు చుట్టూ ఫోమ్ పొరలు వేసి, అంచులు గుండ్రంగా కోయండి. ఇక్కడ హీట్ గన్ వద్దు. లోహం కత్తులను ఇలాంటి ఈవెంట్లలో లోపలికి రానివ్వరు. టికెట్ కొన్న రోజే నిబంధనలు చదివి ఆ కొలతల్లోనే చేయండి.

వేసుకునే రోజు, ఆ తర్వాత

ఈవెంట్‌కు వారం ముందే పూర్తి వేషంతో ఇంట్లో రెండు గంటలు తిరగండి. మెట్లు ఎక్కండి, కుర్చీలో కూర్చోండి, బాత్రూమ్‌కు వెళ్లి రావడం ఎంత కష్టమో చూడండి. ఎవరి సాయమూ లేకుండా జిప్ తీయలేకపోతే ఇప్పుడే దానికి ఒక తాడు కట్టుకోండి. చేతిసంచిలో దారం ఎక్కించిన రెండు సూదులు, పిన్నీసులు, చిన్న కత్తెర, రెండు వైపులా అంటుకునే టేపు, మంచినీళ్లు ఉండాలి.

ఇంటికొచ్చాక కంచుకాన్ని వాషింగ్ మిషన్లో వేయొద్దు, డ్రై క్లీనింగ్‌కు ఇవ్వొద్దు. ఆ రసాయనాలకు చమ్కీల రంగు, పూసల పూత పోవచ్చు. చంక ప్యాడ్లు తీసి ఉతికి, లోపలి లైనింగ్‌ను కొంచెం షాంపూ నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద తిరగేసి ఆరబెట్టండి. హ్యాంగర్‌కు వేలాడదీయకుండా పాత కాటన్ చీర గుడ్డలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టండి. కలరా ఉండలు పూసలకు తగలనీయకండి, కొన్ని ప్లాస్టిక్‌లను అవి మెత్తబరుస్తాయి. కొన్న ప్రతి రంగు పూసలోనూ కొన్ని గ్రాములు విడిగా జిప్ కవర్లో వేసి, షాపు పేరు రాసిన చీటీతో సహా ఆ పెట్టెలోనే ఉంచండి. మళ్లీ అదే షాపుకు వెళ్లినా కొత్తగా వచ్చిన సరుకు షేడు కలవకపోవచ్చు, రిపేరుకు ఈ మిగిలినవే పనికొస్తాయి.